రోమ్ నుంచి ఏథెన్స్‌కు విమానంలో: దూరం, సమయం, తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ, గ్రీస్ రెండూ ఒకే సెలవులో చుట్టి రావాలనుకునేవాళ్లకు రోమ్ ఫియుమిచినో నుంచి ఏథెన్స్‌కు వెళ్లే విమానమే తేలికైన దారి. ప్రయాణం చిన్నదే అయినా దాని చుట్టూ సందేహాలు చాలానే ఉంటాయి. ఒక వెబ్‌సైట్‌లో ఒక దూరం, ఇంకోదాంట్లో ఇంకో దూరం. టికెట్ మీద వెళ్లేటప్పుడు మూడు గంటలు, వచ్చేటప్పుడు గంట. యూరప్‌లో ఉన్న మావాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. దూరం ఎప్పుడూ మారదు, సమయమే మారుతుంది. ఆ సమయం ఎక్కడెక్కడ ఖర్చవుతుందో ముందే తెలిస్తే రోజంతా టెన్షన్ లేకుండా గడుస్తుంది.

రోమ్ ఫియుమిచినో నుంచి ఏథెన్స్ ఎయిర్‌పోర్ట్‌కు దూరం ఎంత?

గాలిలో తిన్నగా కొలిస్తే సుమారు 1,086 కిలోమీటర్లు. మైళ్లలో 675, పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 587 దాకా వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కన్నా 180 కిలోమీటర్లు తక్కువ. హైదరాబాద్–ఢిల్లీ విమానం ఎక్కిన అనుభవం ఉంటే ఇది దాదాపు అంతే, కాస్త ముందే దిగిపోతాం.

తిన్నగా అంటే భూమి గుండ్రటి ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. దాన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. మామూలు మ్యాప్ మీద స్కేలుతో గీసిన గీతకూ దీనికీ కొద్ది తేడా ఉంటుంది. ఈ రూట్‌లో అసలు దారి ఆ గీతకు కాస్త ఉత్తరంగా వంగి సాగుతుంది.

ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో దూరం చూపిస్తుందేం?

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. రోమ్ నగరం నడిబొడ్డు నుంచి ఏథెన్స్ నడిబొడ్డుకు కొలిస్తే సుమారు 1,051 కిలోమీటర్లే. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కు కొలిస్తే 35 కిలోమీటర్లు పెరుగుతుంది. కారణం మ్యాప్ చూస్తే వెంటనే తెలుస్తుంది. ఫియుమిచినో రోమ్‌కు పడమట, సముద్రం ఒడ్డున ఉంది. ఏథెన్స్ ఎయిర్‌పోర్ట్ ఊరికి తూర్పున, హైమెట్టస్ కొండకు అవతల ఉంది. మనం పోయేది పడమటి నుంచి తూర్పుకు. అంటే బయలుదేరేటప్పుడు ఊరి వెనక్కి వెళ్లి విమానం ఎక్కుతాం, చేరేటప్పుడు ఊరు దాటిపోయి దిగుతాం. అందుకే రెండు వైపులా కలుస్తుంది.

రోమ్‌కు చాంపినో అనే రెండో ఎయిర్‌పోర్ట్ కూడా ఉంది. అది నగరానికి ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి ఏథెన్స్‌కు 1,058 కిలోమీటర్లే. ఇవి కాక భూమిని పూర్తి గోళంగా తీసుకున్నారా, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న ఆకారంగా తీసుకున్నారా అన్నదాని వల్ల కూడా ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ అంకెలన్నీ సరైనవే, కొలిచిన చోట్లే వేరు.

మరి విమానంలో ఎంతసేపు?

టికెట్ మీద ఇచ్చేది సుమారు రెండు గంటలు. అందులో నిజంగా గాలిలో ఉండేది గంటా ఇరవై ఐదు నిమిషాల నుంచి గంటా నలభై దాకా.

మిగతా సమయం నేల మీద పోతుంది. విమానం గేటు దగ్గర కదిలిన నిమిషం నుంచి, అవతలి ఎయిర్‌పోర్ట్‌లో గేటు దగ్గర ఆగే నిమిషం వరకు మొత్తాన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఎయిర్‌లైన్స్ టైమ్‌టేబుల్‌లో వేసేది దాన్నే. ఫియుమిచినో పెద్ద ఎయిర్‌పోర్ట్. గేటు నుంచి రన్‌వే దాకా విమానం నేల మీద పాక్కుంటూ పోవడానికి, తన వంతు వచ్చేదాకా క్యూలో ఆగడానికి పదీ పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఏథెన్స్‌లో దిగాక గేటు చేరడానికి ఇంకో ఐదు పది నిమిషాలు. ఇవి కాక ఆలస్యాలను సర్దుకోవడానికి ఎయిర్‌లైన్స్ కొంత మార్జిన్ కూడా కలుపుకుంటాయి. కాస్త లేటుగా బయలుదేరిన విమానం కూడా టైమ్‌కే చేరిందని అనౌన్స్ చేయడం మీరు వినే ఉంటారు. ఆ మార్జిన్ వల్లే అది కుదురుతుంది.

ఈ రూట్‌లో ఎక్కువగా తిరిగేవి ఎయిర్‌బస్ ఏ320 కుటుంబం, బోయింగ్ 737 రకం విమానాలు. పైకెక్కి స్థిరపడ్డాక వేగం గంటకు సుమారు 830 కిలోమీటర్లు. ఆ వేగంతో 1,086 కిలోమీటర్లను భాగిస్తే 78 నిమిషాలు వస్తుంది. కానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం అంత ఉండదు. పైగా రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు ఎగిరి, తర్వాత దారిలోకి తిరగాలి. వాటికి ఇంకో పదిహేను నిమిషాలు వేసుకుంటే గంటన్నర లెక్క కుదురుతుంది.

టికెట్‌లో వెళ్లేటప్పుడు మూడు గంటలు, వచ్చేటప్పుడు గంట అని ఉంది. పొరపాటా?

పొరపాటేం లేదు. అందరినీ తికమక పెట్టేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

టికెట్ మీద బయలుదేరే టైమ్ ఆ ఊరిది, చేరే టైమ్ ఈ ఊరిది. గ్రీస్ గడియారం ఇటలీ గడియారం కన్నా గంట ముందుంటుంది. ఉదాహరణకు రోమ్‌లో ఉదయం 10:00కు బయలుదేరి రెండు గంటలు ప్రయాణించారనుకుందాం. దిగేసరికి రోమ్‌లో మధ్యాహ్నం 12:00. అప్పుడు ఏథెన్స్‌లో 13:00. టికెట్ మీద 10:00 – 13:00 అని ఉంటుంది, చూడగానే మూడు గంటలు అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఏథెన్స్‌లో 14:00కు బయలుదేరి రెండు గంటల పది నిమిషాలు ప్రయాణిస్తే ఏథెన్స్ గడియారంలో 16:10, రోమ్ గడియారంలో 15:10. టికెట్ మీద 14:00 – 15:10. విమానం ఏమీ రెట్టింపు వేగంతో రాలేదు.

ఈ గంట తేడా ఏడాది పొడవునా ఉంటుంది. రెండు దేశాలూ మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతాయి. అది కూడా ఒకే క్షణంలో. కాబట్టి వాటి మధ్య తేడా ఎప్పుడూ మారదు.

మారేది మనతో ఉన్న తేడా. భారత్‌లో గడియారం జరపరు కాబట్టి వేసవిలో ఏథెన్స్ మనకన్నా రెండున్నర గంటలు, రోమ్ మూడున్నర గంటలు వెనక ఉంటాయి. చలికాలంలో ఏథెన్స్ మూడున్నర, రోమ్ నాలుగున్నర. జూన్‌లో ఏథెన్స్‌లో దిగి సాయంత్రం ఏడింటికి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఇంకా మేలుకునే ఉంటారు. అదే రోమ్ నుంచి ఏడింటికి చేస్తే పదిన్నర అవుతుంది. పెద్దవాళ్లు మన ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు కాబట్టి ఈ లెక్క చిన్నదేం కాదు.

తిరుగు ప్రయాణం నిజంగానే ఎక్కువసేపు పడుతుందా?

కొద్దిగా పడుతుంది. పై ఎత్తుల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. రోమ్ నుంచి ఏథెన్స్‌కు వెళ్లేటప్పుడు ఆ గాలి వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురుగా వస్తుంది. అందుకే ఏథెన్స్ నుంచి రోమ్‌కు టైమ్‌టేబుల్‌లో ఐదు నుంచి పదిహేను నిమిషాలు ఎక్కువ వేస్తారు. చలికాలంలో జెట్ స్ట్రీమ్ అనే ఈ పై గాలి ప్రవాహం బలంగా ఉన్న రోజుల్లో తేడా ఇంకా తెలుస్తుంది.

విమానం ఏ దారిన పోతుంది? కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?

నాకు ఈ రూట్ మీద ఇంత ఇష్టం ఉండడానికి కారణం ఇదే. గంటన్నరలో రెండు పాత నాగరికతల మ్యాప్ మీదుగా పోతాం.

ఫియుమిచినోలో పైకి లేచేటప్పుడు, లేదా తిరిగి దిగేటప్పుడు ఎయిర్‌పోర్ట్ పక్కనే చూడండి. ఆరు భుజాలతో, గీసి చెక్కినట్టున్న ఒక చెరువు కనిపిస్తుంది. అది రోమన్ చక్రవర్తి ట్రాజన్ తవ్వించిన ఓడరేవు. ఒకప్పుడు ఈజిప్టు, ఆఫ్రికాల నుంచి రోమ్‌కు గోధుమలు తెచ్చిన ఓడలు అక్కడే ఆగేవి. తర్వాత తీరం ముందుకు జరిగిపోయి రేవు నేల మధ్యలో చెరువులా మిగిలింది. ఆ కాలపు ఓడరేవు, ఈ కాలపు విమానాశ్రయం పక్కపక్కనే ఉన్నాయి. నేల మీద నిలబడితే ఆ ఆకారం తెలియదు, గాలిలోంచి చూస్తేనే ఆరు మూలలూ స్పష్టంగా లెక్కపెట్టవచ్చు.

తర్వాత తిన్నటి దారి నేపుల్స్‌కు కాస్త ఉత్తరంగా పోతుంది. ఆకాశం తేటగా ఉంటే కుడివైపు కిటికీలోంచి వెసూవియస్ అగ్నిపర్వతం, దాని ముందు వంపు తిరిగిన అఖాతం కనిపిస్తాయి. ప్రయాణంలో సరిగ్గా సగం దూరం బూటు ఆకారంలో ఉన్న ఇటలీ మడమ మీద వస్తుంది, సలెంతో ప్రాంతంలో. అక్కడి నుంచి సముద్రం. దాటగానే కోర్ఫు ద్వీపం దక్షిణపు కొస, ఆ తర్వాత గ్రీస్ పడమటి కొండలు. చివరి భాగంలో కుడివైపు కొరింత్ అఖాతం పొడవుగా సాగుతుంది. దాని పడమటి ముఖద్వారం మీద 2004లో తెరిచిన రియో–ఆంటిరియో వంతెన ఉంది, 2,880 మీటర్ల పొడవు. దారి డెల్ఫీకి దగ్గరగా పోతుంది. పాత గ్రీకులు జోస్యం అడగడానికి నడిచి ఎక్కిన కొండలు మన రెక్క కింద ఉంటాయి.

అసలు దారి రోజూ ఇలాగే ఉండదు. వాతావరణాన్ని, ట్రాఫిక్‌ను బట్టి కంట్రోలర్లు అటూ ఇటూ జరుపుతారు. అయినా వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు, వచ్చేటప్పుడు ఎడమవైపు తీసుకోమని చెబుతాను.

ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా మొత్తం ఎంతసేపు పడుతుంది?

రెండు గంటల విమానానికి ఏడు గంటలు వేసుకోండి. ఎక్కువ అనిపిస్తుంది గానీ లెక్క చూడండి.

పొద్దున 10:00 విమానం. రోమ్ తెర్మినీ స్టేషన్ దగ్గర హోటల్‌లో ఉన్నారనుకుందాం. ఆరున్నరకు గది ఖాళీ చేసి స్టేషన్‌కు నడవాలి. తెర్మినీ నుంచి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ అనే రైలు ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో ఎయిర్‌పోర్ట్‌లో దింపుతుంది. ప్లాట్‌ఫాం వెతుక్కోవడం, రైలు కోసం ఆగడం కలిపి ఏడున్నర, ఏడూ ముప్పావుకు టెర్మినల్‌లో ఉంటారు. లగేజ్ వేసి, సెక్యూరిటీ దాటి గేటు దగ్గరకు చేరేసరికి తొమ్మిది. బోర్డింగ్ తొమ్మిదీ పావు ప్రాంతంలో మొదలవుతుంది. ఏథెన్స్‌లో స్థానిక సమయం ఒంటిగంటకు విమానం ఆగుతుంది. బెల్టు మీద సూట్‌కేసు వచ్చి బయటపడేసరికి ఒంటిగంటా నలభై. మెట్రో కోసం కాసేపు ఆగి, 40 నిమిషాలు ప్రయాణించి ఊరి నడిబొడ్డున సింటాగ్మా చౌరస్తాలో తేలేసరికి రెండూ ముప్పావు. అంటే రోమ్ గడియారంలో ఒకటీ ముప్పావు. మొత్తం ఏడుంబావు గంటలు. అందులో గాలిలో ఉన్నది గంటన్నర.

అందుకే ఆ రోజు సాయంత్రానికి ఒక్క పని మాత్రమే పెట్టుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే పాత గ్రీకు దేవాలయాలున్న అక్రోపోలిస్ మర్నాటి ఉదయానికి వాయిదా వేయండి. అది కొండ, మెట్లు నున్నగా జారుతుంటాయి. అలసిన కాళ్లతో ఎక్కించవద్దు.

ఫియుమిచినోకు వెళ్లడానికి ఏది మంచిది?

లగేజ్ ఉన్నవాళ్లకు, తెర్మినీ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు లియొనార్దో ఎక్స్‌ప్రెస్. మనిషికి 14 యూరోలు. త్రాస్తెవెరె, ఓస్తియెన్సె, తిబుర్తీనా వైపు ఉంటే ఎఫ్‌ఎల్1 అనే లోకల్ రైలు 8 యూరోలకే వెళ్తుంది, కానీ అది తెర్మినీలో ఆగదు. నలుగురు కుటుంబసభ్యులు, నాలుగు పెద్ద సూట్‌కేసులు ఉంటే ట్యాక్సీయే మేలు. పాత నగర గోడల లోపలి నుంచి ఎయిర్‌పోర్ట్‌కు నగరపాలక సంస్థ నిర్ణయించిన ఫిక్స్‌డ్ రేటు ఉంది, ఎక్కే ముందే ఆ రేటు అని డ్రైవర్‌తో ఒక మాట అనుకోండి.

టికెట్ మీద ఎయిర్‌పోర్ట్ కోడ్ తప్పకుండా చూడండి. ఫియుమిచినోకు ఎఫ్‌సీఓ, చాంపినోకు సీఐఏ. రెండిటి మీదా రోమ్ అనే ఉంటుంది. ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్తే విమానం అందుకోవడం కష్టం, ఎందుకంటే రెండూ ఊరికి వేరు వేరు దిక్కుల్లో ఉన్నాయి.

ఏథెన్స్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి?

ఎలెఫ్తేరియోస్ వెనిజెలోస్ పేరు పెట్టిన ఈ ఎయిర్‌పోర్ట్ 2001 మార్చిలో తెరిచారు. అంతకు ముందు ఊరికి దగ్గరగా, సముద్రం ఒడ్డున ఉన్న ఎల్లినికోన్ వాడేవారు. కొత్తది స్పాటా దగ్గర ఉంది, రోడ్డు మీద 33 కిలోమీటర్ల దూరం. మధ్యలో హైమెట్టస్ కొండ అడ్డం కాబట్టి రోడ్డు ఉత్తరంగా చుట్టి పోతుంది.

మెట్రో మూడో లైన్ ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా సింటాగ్మా, మొనాస్టిరాకికి పోతుంది, టికెట్ 9 యూరోలు. 2022 అక్టోబర్ నుంచి అదే రైలు పిరయస్ రేవు దాకా కూడా వెళ్తోంది, సుమారు గంట ప్రయాణం. ఇది మామూలు సిటీ మెట్రోలా ఐదు నిమిషాలకొకటి రాదు. ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చేవి అరగంటకు పైగా తేడాతో ఉంటాయి. ఒకటి తప్పితే అంతసేపు ఆగాలి, కాబట్టి లగేజ్ తీసుకోగానే ముందు టైమ్ బోర్డు చూసుకోండి. రాత్రి పదకొండున్నర తర్వాత మెట్రో ఉండదు. అప్పుడు ఎక్స్95 బస్సు సింటాగ్మాకు, ఎక్స్96 బస్సు పిరయస్‌కు పోతాయి. ఈ రెండూ రాత్రంతా నడుస్తాయి.

అదే రోజు పిరయస్ నుంచి ద్వీపాలకు ఓడ ఎక్కవచ్చా?

శాంటోరీని, నాక్సోస్ లాంటి చోట్లకు పెద్ద ఓడలు ఎక్కువగా ఉదయం ఏడు, ఎనిమిది ప్రాంతంలో బయలుదేరతాయి. రోమ్ నుంచి పొద్దున ఎంత తొందరగా బయలుదేరినా వాటిని అందుకోలేరు. సాయంత్రం ఓడ ఉంటే, మధ్యలో కనీసం ఐదు గంటలు ఉంటేనే ఆలోచించండి. విమానం, ఓడ వేరు వేరు టికెట్లు. విమానం లేటైతే ఓడవాళ్లు ఆగరు, ఎయిర్‌లైన్ ఆ డబ్బు ఇవ్వదు. నా సలహా ఏథెన్స్‌లో ఒక రాత్రి ఉండి, మర్నాడు పొద్దున ఓడ ఎక్కడమే.

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు వేరే వీసా కావాలా?

అక్కర్లేదు. రెండు దేశాలూ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, ఉన్నాయి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా ఒకటి చాలు, రోమ్–ఏథెన్స్ మధ్య ఇమిగ్రేషన్ ఉండదు, స్టాంపు పడదు. సింగిల్ ఎంట్రీ వీసా అయినా ఇబ్బంది లేదు. అయినా పాస్‌పోర్ట్ చేతి బ్యాగులోనే ఉంచుకోండి. బోర్డింగ్ దగ్గర గుర్తింపు అడుగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. వెబ్‌సైట్లలో చవగ్గా కనిపించే కొన్ని టికెట్లు ఇస్తాంబుల్ మీదుగానో, బెల్‌గ్రేడ్ మీదుగానో, లండన్ మీదుగానో తిప్పి తీసుకెళ్తాయి. అవి షెంగెన్ బయటి ఊళ్లు. అలా వెళ్తే ఇటలీలో షెంగెన్ బయటికి వెళ్లినట్టు నమోదవుతుంది. సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో అయిపోతుంది, గ్రీస్‌లోకి రానివ్వరు. ఇరవై యూరోలు మిగిలాయని చూసుకుంటే మొత్తం ట్రిప్పే పోతుంది. డైరెక్ట్ ఫ్లైట్, లేదా షెంగెన్ దేశాల మీదుగా వెళ్లేది మాత్రమే కొనండి.

వీసా ఏ దేశం కాన్సులేట్‌లో పెట్టాలంటే, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశంలో. రెండు చోట్లా సమానంగా ఉంటే ముందుగా దిగే దేశంలో.

ఏ ఎయిర్‌లైన్స్ నడుపుతాయి?

గ్రీస్‌కు చెందిన ఏజియన్, ఇటలీకి చెందిన ఐటీఏ ఎయిర్‌వేస్ ఈ రూట్‌లో ముఖ్యమైనవి. పాత అలిటాలియా స్థానంలో 2021 అక్టోబర్‌లో ఐటీఏ మొదలైంది. చవక ఎయిర్‌లైన్స్ కూడా ఉంటాయి, సీజన్‌ను బట్టి, ఎయిర్‌పోర్ట్‌ను బట్టి మారుతుంటాయి. చవక టికెట్ కొనేముందు లగేజ్ ధర, సీటు ధర కలిపి చూడండి. కొన్నిటిలో ఆన్‌లైన్ చెక్-ఇన్ చేయకుండా కౌంటర్‌కు వెళ్తే టికెట్ ధరంత ఫీజు పడుతుంది.

చేతి బ్యాగులో పచ్చడి పెట్టుకోవచ్చా?

ఆవకాయ, గోంగూర, నెయ్యి సెక్యూరిటీవాళ్ల దృష్టిలో ద్రవాలూ పేస్టులే. సీసా పెద్దదైతే తీయించేయొచ్చు, అది చూసి అమ్మల ముఖాలు చిన్నబోతాయి. చెక్-ఇన్ సూట్‌కేసులో, రెండు కవర్లలో గట్టిగా మూత బిగించి పెట్టండి. పొడులు, జంతికలు, చేగోడీలు చేతి బ్యాగులో ఇబ్బంది లేకుండా వెళ్తాయి.

ఫోన్, డబ్బు మార్చుకోవాలా?

రెండు చోట్లా యూరోనే. ఇటలీలో తీసుకున్న మామూలు సిమ్ గ్రీస్‌లోనూ అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా పనిచేస్తుంది, డేటాకు ప్లాన్‌ను బట్టి పరిమితి ఉండొచ్చు.

విమానం లేటైతే, క్యాన్సిల్ అయితే ఏం వస్తుంది?

ఇక్కడే ఆ 1,086 కిలోమీటర్లు డబ్బుగా మారతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి 261వ నిబంధన ప్రకారం పరిహారం దూరాన్ని బట్టి ఉంటుంది. 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోలు. గమ్యం చేరడం మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ లేటై, కారణం ఎయిర్‌లైన్‌దే అయితే మనిషికి అంత ఇవ్వాలి. విమానంలో సాంకేతిక లోపం, సిబ్బంది కొరత లాంటివి సాధారణంగా ఎయిర్‌లైన్ బాధ్యతే. తుఫాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మె లాంటివి కావు. ఆ దూరాన్ని ఎలా కొలవాలన్న గొడవ యూరప్ కోర్టు దాకా వెళ్లింది. కనెక్షన్ ఉన్నా సరే, విమానం తిరిగిన దారిని కాక, బయలుదేరిన చోటి నుంచి చివరి గమ్యం దాకా గ్రేట్ సర్కిల్ దూరాన్నే లెక్కించాలని 2017లో తీర్పు వచ్చింది.

పరిహారం రాని సందర్భాల్లో కూడా కొన్ని హక్కులు ఉంటాయి. ఈ దూరానికి రెండు గంటలు దాటి లేటైతే తిండి, మంచినీళ్లు ఇవ్వాలి. రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ ఇవ్వాలి. ఐదు గంటలు దాటితే ప్రయాణం మానుకుని డబ్బు వెనక్కి అడగవచ్చు. కౌంటర్‌లో ఎవరూ తమంతట తాము ఇవి చెప్పరు, మనమే అడగాలి. బోర్డింగ్ పాస్ పారేయకండి, లేటు టైమ్ చూపించే బోర్డును ఫోటో తీసి పెట్టుకోండి, సొంత డబ్బుతో కొన్న తిండికి రసీదులు దాచండి. తెలియని దేశంలో, భాష రాని పెద్దవాళ్లతో ఎయిర్‌పోర్ట్‌లో చిక్కుకున్నప్పుడు ఈ నాలుగు విషయాలు తెలిసి ఉంటే ఎంత ధైర్యమో అనుభవించినవాళ్లకు తెలుస్తుంది.

ఇటలీలో సమ్మెలు ఎక్కువంటారు, ఎలా?

నిజమే, కానీ ముందుగానే ప్రకటించాలని చట్టం ఉంది. ఇటలీ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో రాబోయే సమ్మెల తేదీలు ఉంటాయి. విమాన సమ్మె రోజున కూడా ఉదయం 7 నుంచి 10 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు బయలుదేరాల్సిన విమానాలు నడవాలి. అందుకే తేదీ మార్చుకునే వీలు లేనివాళ్లు ఉదయం తొమ్మిది ప్రాంతపు విమానం తీసుకుంటే రెండు లాభాలు. సమ్మె వచ్చినా ఆ వేళల్లో పడుతుంది, వేసవిలో మధ్యాహ్నానికి పేరుకుపోయే ఆలస్యాల ముందే బయటపడిపోతాం.

భారత్ నుంచి రోమ్‌లో దిగి అదే రోజు ఏథెన్స్‌కు వెళ్లాలంటే మధ్యలో ఎంత సమయం ఉండాలి?

ఒకే టికెట్ మీద ఉంటే లగేజ్ నేరుగా ఏథెన్స్‌కు వెళ్తుంది. ఇమిగ్రేషన్ మాత్రం రోమ్‌లోనే, ఎందుకంటే షెంగెన్‌లో అడుగుపెట్టేది అక్కడే. లైన్ పొడవుగా ఉండొచ్చు, మూడు గంటలైతే నిశ్చింత. వేరు వేరు టికెట్లయితే లగేజ్ తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అప్పుడు ఐదు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. మొదటి విమానం లేటై రెండోది పోతే కొత్త టికెట్ మనమే కొనుక్కోవాలి.

విమానం కాకుండా వేరే దారి ఉందా?

ఉంది, సమయం ఉన్నవాళ్లకు చాలా మంచి దారి. రోమ్ నుంచి బారీకి వేగవంతమైన రైలులో సుమారు నాలుగు గంటలు. సాయంత్రం బారీ రేవులో ఓడ ఎక్కితే రాత్రంతా ప్రయాణించి మర్నాడు మధ్యాహ్నం పాత్రాస్‌లో దింపుతుంది. అక్కడి నుంచి ఏథెన్స్ 210 కిలోమీటర్ల దూరం, బస్సులో దాదాపు మూడు గంటలు. మొత్తం ఒకటిన్నర రోజు. క్రీస్తుపూర్వం 312లో మొదలుపెట్టిన అప్పియన్ రహదారి రోమ్ నుంచి బ్రిండిసి రేవుకు పోయేది, గ్రీస్ వైపు ప్రయాణాలు ఆ తీరం నుంచే ఓడల్లో సాగేవి. 2024లో ఆ రహదారిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి ఉంటే, సెలవులు సరిపోతే, వెళ్లేటప్పుడు ఓడలో వెళ్లి వచ్చేటప్పుడు విమానం ఎక్కండి.